ఉమోజా ఊరి గుడారాలు



ఇవాళ ఒక దూరదేశపు ఊరి గురించి చెప్పుకుందాం. ఆ ఊరి పక్కన, ఏటి ఒడ్డున, కాలేజీ పిల్లలు వచ్చి గుడారాలు వేసుకుని ఉంటారు. రెండు రోజులో మూడు రోజులో ఉండి వెళ్ళిపోతారు. ఆ గుడారాల మకాం నడిపేది ఆడవాళ్ళు. మకామే కాదు, ఊరు కూడా ఆడవాళ్ళదే. అక్కడ మగవాళ్ళు కాపురం ఉండటానికి వీల్లేదు.

నవ్వొచ్చిందా? నవ్వండి. ఆ ఊరి సంగతి విన్నవాళ్ళు చాలామంది ముందు నవ్వుతారు. తర్వాత అడుగుతారు, ఎందుకలా అని.

ఆ దేశం పేరు కెన్యా. ఆఫ్రికా ఖండంలో తూర్పు వైపున ఉంది. మనకూ దానికీ మధ్య సముద్రం. మన పశ్చిమ తీరం నుంచి ఓడ ఎక్కి నైరుతి దిక్కుగా పోతే అక్కడికే చేరతాం. 1896లో తెల్లదొరలు అక్కడ రైలు దారి వేయడం మొదలుపెట్టారు. 1901 దాకా ఆ పని సాగింది. పని కోసం మన దేశం నుంచి ముప్ఫై వేల మందికి పైగా కూలీలను తీసుకుపోయారు. ఎక్కువ మంది పంజాబు వాళ్ళు. పని అయ్యాక కొంతమంది అక్కడే ఉండిపోయారు. ఇవాళ కెన్యాలో చపాతీని చపాతీ అనే అంటారు. టీని చాయ్ అంటారు. పాలూ నీళ్ళూ టీపొడీ కలిపి మరిగిస్తారు, మన ఇళ్ళలో లాగానే.

కెన్యా రాజధాని నైరోబి. పెద్ద నగరం. అక్కడినుంచి ఉత్తరం వైపు బస్సులో పోవాలి. దారిలో నన్యుకి అనే ఊరి దగ్గర రోడ్డు పక్కన ఒక బోర్డు ఉంటుంది. అక్కడ భూమధ్యరేఖ దాటుతాం అని దాని అర్థం. భూమికి సరిగ్గా నడుము దగ్గర వడ్డాణం పెట్టినట్టు గీత ఊహించుకోండి. అదే భూమధ్యరేఖ. అక్కడ ఏడాది పొడుగునా పగలూ రాత్రీ దాదాపు సమానం. కుడి పక్కన కెన్యా పర్వతం కనిపిస్తుంది. నడిమధ్య ఎండ దేశంలో ఆ కొండ నెత్తిన కాస్త మంచు ఉంటుంది. ఆ మంచు ఏటేటా తరిగిపోతోంది.

కొండ దాటి దిగితే పచ్చదనం అయిపోతుంది. ఇసియోలో అనే పట్నం వస్తుంది. అది దాటితే ఎర్రమట్టి, తుమ్మ చెట్లు, ముళ్ళ పొదలు. మేకలు, ఒంటెలు. మన అనంతపురం పల్లెలు చూసినవాళ్ళకు ఆ నేల కొత్తగా అనిపించదు. ఆర్చర్స్ పోస్ట్ అనే చిన్న ఊరు వస్తుంది. దాని దగ్గరే మనం చెప్పుకునే ఊరు. పేరు ఉమోజా. నైరోబి నుంచి మూడు వందల కిలోమీటర్ల పైనే ఉంటుంది.

ఉమోజా అనేది స్వాహిలీ భాష మాట. ఐకమత్యం అని దాని అర్థం.

ఇప్పుడు ఒక బస్సు వచ్చిందనుకుందాం. అందులో ఇరవై మంది విద్యార్థులు. ఇంగ్లండు నుంచి వచ్చారనుకోండి. ఆడపిల్లలు, మగపిల్లలు కలిసి ఉన్నారు. పందొమ్మిది, ఇరవై ఏళ్ళ వయసు. ఇద్దరు టీచర్లు వెంట ఉన్నారు. పొద్దున్నుంచి ప్రయాణం. మొహాల నిండా దుమ్ము.

దిగగానే వాళ్ళకు వినపడే మాట "కరిబు". అంటే రండి, రండి అని. మెడ నిండా పూసల దండలు వేసుకున్న ఆడవాళ్ళు ఎదురొస్తారు. ఒక దండ కాదు, రెండు కాదు. భుజాల నుంచి గడ్డం దాకా వరసలు వరసలుగా ఉంటాయి. ఎరుపు, నారింజ, తెలుపు, నీలం. వీళ్ళు సంబురు అనే తెగవాళ్ళు. పశువుల కాపరులు. ఆవులు, మేకలు, గొర్రెలు, ఒంటెలు వాళ్ళ ఆస్తి. ఆవాళ్ళ ఆస్తి అన్నాం కానీ, పాత కట్టుబాటు ప్రకారం ఆ ఆస్తి మగవాళ్ళదే. భూమి కూడా మగవాళ్ళదే. పెళ్ళికి వరుడి వైపువాళ్ళు ఆవులు ఇచ్చి పిల్లను తెచ్చుకుంటారు. మన దగ్గర కట్నం పిల్లవాళ్ళు ఇస్తారు, అక్కడ ఓలి పిల్లవాడి వాళ్ళు ఇస్తారు. ఎటు తిరిగినా పిల్లనెవరూ అడగరు.

మకాం ఏటి ఒడ్డున ఉంది. ఆ ఏరు పేరు ఎవాసో ఎంగిరో. బురద రంగు నీళ్ళ ఏరు అని ఆ పేరుకు అర్థం. నిజంగానే నీళ్ళు చాయ్ రంగులో ఉంటాయి. ఒడ్డున తాటి జాతి చెట్లుంటాయి. మన తాడి నిటారుగా పోతుంది, ఆ చెట్టు మాత్రం కొమ్మలుగా చీలుతుంది. చెట్ల నీడన గుడారాలకు జాగా. గడ్డి కప్పిన గుడిసెలు కొన్ని. అంతే. హోటలు లాగా ఉండదు. ఫ్యాను, మెత్తటి మంచం, వేడినీళ్ళ కుళాయి కావాలనుకునేవాళ్ళు అడవిలో ఉన్న పెద్ద పెద్ద లాడ్జీలకు పోతారు. ఇక్కడికి వచ్చేవాళ్ళు డబ్బు తక్కువున్న విద్యార్థులు. లేదా ఊరు చూడాలన్న ఆశ ఉన్నవాళ్ళు.

పిల్లలు గుడారాలు వేయడం మొదలుపెడతారు. మేకులు కొడతారు, తాళ్ళు లాగి కడతారు. ఒక గుడారం నిలబడేసరికి ఇంకోటి కూలుతుంది. ఒకళ్ళనొకళ్ళు చూసి నవ్వుకుంటారు. ఆ చుట్టుపక్కల సంబురు ఆడవాళ్ళు పూర్వం నుంచీ ఇళ్ళు కట్టేవాళ్ళు. ఆ జాతిలో ఇల్లు కట్టడం ఆడవాళ్ళ పని. కర్రలు పాతి, వంచి, కట్టి, మట్టీ పేడా కలిపి మెత్తుతారు. గోడలు ఎండిన దాకా మళ్ళీ మళ్ళీ అలుకుతారు. ఇల్లు ఆడది కడుతుంది కానీ ఇంట్లోంచి పొమ్మనే హక్కు మగవాడిది. ఇది మనకు తెలియని సంగతి కాదు.

రాత్రి ఉండబోయే చోటు కాబట్టి పిల్లలకు కొన్ని జాగ్రత్తలు చెప్పాలి. ఏట్లో దిగకూడదు, మొసళ్ళుంటాయి. అన్నం గుడారంలో దాచకూడదు, కోతులు చింపుకుని లోపలికి పోతాయి. పొద్దున్నే బూట్లు దులుపుకుని వేసుకోవాలి, తేళ్ళుంటాయి. చీకటి పడ్డాక ఒంటరిగా తిరగకూడదు. దగ్గరలోనే సంబురు అభయారణ్యం ఉంది. 165 చదరపు కిలోమీటర్ల అడవి. ఏనుగులు, సింహాలు, చిరుతలు ఉంటాయి. సన్న సన్న చారల గుర్రాలు, ఒంటి మీద వల పరిచినట్టుండే జిరాఫీలు ఉంటాయి. ఈ రెండు రకాలూ ప్రపంచంలో చాలా తక్కువ చోట్లే మిగిలాయి. జంతువులకు సరిహద్దు తెలియదు కదా, ఇటు కూడా వస్తాయి.

సాయంత్రం ఆరున్నరకు సూర్యుడు దిగుతాడు. అక్కడ సంజ వెలుగు ఎక్కువసేపు ఉండదు. దీపం ఆర్పినట్టు చీకటి పడుతుంది. పొయ్యి రాజేస్తారు. మొక్కజొన్న పిండితో గట్టిగా సంకటి చేస్తారు. దాన్ని ఉగాలి అంటారు. ఆకుకూర, బీన్సు గింజలు పక్కన పెట్టుకుని చేత్తో ముద్ద చేసుకుని తింటారు. చెంచాలు అలవాటైన పిల్లలకు ముద్ద చేయడం రాదు. మన సంగటి తినే ఊళ్ళ నుంచి ఒక్క మనిషి పోయినా వాళ్ళకు అరగంటలో నేర్పి వస్తుంది.

రాత్రి ఆకాశం నిండా చుక్కలు. దూరంగా దుమ్ములగొండి అరుస్తుంది. కొందరికి నిద్ర పట్టదు. కొందరికి భలే సరదాగా ఉంటుంది. పొద్దున్న లేచి చూస్తే బక్కెట్టులో నీళ్ళు తక్కువ. మొహం కడుక్కోవడానికి చెంబెడు, పళ్ళు తోముకోవడానికి గ్లాసెడు. మరుగుదొడ్డికి దూరం నడవాలి. ఇళ్ళల్లో గంటసేపు స్నానం చేసేవాళ్ళు చెంబెడు నీళ్ళతో ఒళ్ళు తుడుచుకుంటారు. ఈ కష్టం కూడా వాళ్ళకు ఒక ఆటలాగా ఉంటుంది. ఇంటికి పోయి నెలల తరబడి చెప్పుకుంటారు.

వాళ్ళను తప్పు పట్టనక్కర్లేదు. కానీ ఒక తేడా చూడాలి. వాళ్ళకది రెండు రోజుల కష్టం. మూడో రోజు బస్సు వస్తుంది. ఆ నేల మీద పుట్టిన ఆడదానికి రోజూ అదే. నీళ్ళు మోసేది ఆమే, పుల్లలు ఏరేది ఆమే. వానలు లేని ఏడాది ఏరు కూడా ఎండిపోతుంది. అప్పుడు ఇసకలో చెలమ తవ్వి నీళ్ళు తోడుకోవాలి. 2020 చివరి నుంచి 2023 మొదటి దాకా ఆ ప్రాంతంలో వరసగా ఐదు కార్లు వానలు పోయాయి. ఆవులూ మేకలూ లెక్కలేనన్ని చచ్చాయి. చెలమ మీద చేతులు పెట్టి ఊట కోసం కూర్చోవడం ఎలా ఉంటుందో ఏ గుడారమూ నేర్పదు.

రెండో రోజు పొద్దున్న పిల్లలు ఊళ్ళోకి వెళ్తారు. ఊరి చుట్టూ ముళ్ళ కంచె. లోపల పేడతో అలికిన పొట్టి ఇళ్ళు. తల వంచి దూరాలి. ఆడవాళ్ళు పాట పాడి ఆహ్వానిస్తారు. తర్వాత పూసల దండలు, గాజులు పరిచిన చోటికి తీసుకుపోతారు. ఆ దండలు కొనడమే వాళ్ళ బతుకుతెరువుకు పెద్ద ఆధారం.

ఇక్కడే ఆ ఊరి కథ చెప్పాలి.

ఆ చుట్టుపక్కల ఇంగ్లండు సైన్యం శిక్షణ కోసం వచ్చి మకాం వేస్తుంటుంది. ఆ సైనికులు తమను చెరిచారని అనేకమంది సంబురు ఆడవాళ్ళు చెప్పారు. నీళ్ళకు పోయినప్పుడు, పుల్లలకు పోయినప్పుడు, మేకలు కాసేటప్పుడు. జరిగింది చెబితే ఇంట్లో ఏమన్నారు? నువ్వు చెడిపోయావన్నారు. కొట్టారు. వెళ్ళగొట్టారు. తప్పు చేసినవాడు ఎక్కడో ఉన్నాడు. శిక్ష మాత్రం ఆమెకు పడింది. చాలా ఏళ్ళ తర్వాత, 2003 ప్రాంతంలో, వందల మంది ఆడవాళ్ళు ఫిర్యాదు చేశారు. ఇంగ్లండు సైనిక పోలీసులు విచారణ జరిపారు. ఎవరికీ శిక్ష పడలేదు.

రెబెక్కా లోలోసోలి అనే ఆమె ఆడవాళ్ళ హక్కుల గురించి మాట్లాడేది. అలా మాట్లాడినందుకు కొంతమంది మగవాళ్ళు ఆమెను కొట్టారు. ఆసుపత్రిలో పడి ఉన్నప్పుడే ఆమెకు ఈ ఆలోచన వచ్చిందంటారు. ఒక్కొక్కరం ఉంటే కొడతారు, అందరం ఒకచోట ఉంటే? 1990లో పదిహేను మంది ఆడవాళ్ళు కలిశారు. ఊరు కట్టారు. ఇల్లు కట్టడం వాళ్ళకు వచ్చిన పనే కదా.

ఊరైతే కట్టారు, తిండెలా? ముందు కూరగాయలు కొనుక్కొచ్చి అమ్మారు. వ్యవసాయం వాళ్ళకు తెలియదు. ఆ బేరం సాగలేదు. తర్వాత చేతిలో ఉన్న విద్య గుర్తుకొచ్చింది, పూసలు గుచ్చడం. అడవి చూడటానికి పోయే దొరలు ఆ రోడ్డు మీదే పోతారు. దారి పక్కన దండలు పెట్టారు. మెల్లగా కొనేవాళ్ళు పెరిగారు. కెన్యా అటవీ జంతువుల శాఖ వాళ్ళు చూసి సాయం చేశారు. ఇలాంటి పని బాగా చేస్తున్న వేరే గుంపుల దగ్గరికి, మసాయి మారా వైపు, నేర్చుకురమ్మని పంపారు. ఆ తర్వాతే ఏటి ఒడ్డున గుడారాల మకాం వచ్చింది. పూసలమ్మితే వచ్చేది ఒకసారి. మనిషి రాత్రి ఉంటే మకాం అద్దె వస్తుంది, ఊరు చూసిన రుసుము వస్తుంది, నాలుగు దండలూ అమ్ముడుపోతాయి.

డబ్బు కనిపించేసరికి మగవాళ్ళకు కోపమొచ్చింది. కొందరు పోటీగా దగ్గరలో తమ ఊళ్ళు కట్టి చూశారు. సాగలేదు. వచ్చే వాహనాలను ఆపి అటు పోవద్దన్నారు. ఊరి మీదికొచ్చి బెదిరించారు. ఆడవాళ్ళు కదల్లేదు. డబ్బు కూడబెట్టి ఊరున్న నేల కొన్నారు. ఆడదానికి భూమి ఉండకూడదన్న చోట భూమి కొన్నారు.

సంబురు పెద్దమనుషులు చెట్టు కింద కూర్చుని పంచాయితీ చేస్తారు. పెద్దమనుషులంటే మగవాళ్ళు. మన ఊళ్ళో రచ్చబండ మీద ఎవరు కూర్చుంటారో మీకు తెలుసు. ఉమోజాలో కూడా ఒక చెట్టు ఉంది. దాని కింద ఆడవాళ్ళు కూర్చుంటారు. ఊరి సంగతులన్నీ అక్కడే తేలుతాయి. సంపాదనలో పదో వంతు ఊరి నిధికి ఇవ్వాలని అక్కడే అనుకున్నారు. నూరు షిల్లింగులు వస్తే పది షిల్లింగులు. ఆ డబ్బు బడికి, ఊరి అవసరాలకు పోతుంది. ఆడపిల్లలకు చేసే కోత ఆ ఊళ్ళో నిషేధం. దేశం మొత్తానికి ఆ చట్టం గట్టిగా వచ్చింది 2011లో. ఈ ఆడవాళ్ళు అంతకు ముందే కట్టుబాటు చేసుకున్నారు. చిన్నతనంలో పెళ్ళి తప్పించుకుని వచ్చిన పిల్లలకు అక్కడ చోటుంది. కొడుకులుంటే? ఉండొచ్చు. ఆ ఊళ్ళో పెరిగిన మగపిల్లలకు అడ్డు లేదు. పెద్దయ్యాక మాత్రం వేరే చోటికి పోవాలి. 2015 నాటికి అక్కడ 47 మంది ఆడవాళ్ళు, 200 మంది పిల్లలు ఉన్నారు.

పిల్లలు బడికి పోతారు. సంబురు ఇళ్ళల్లో చిన్నపిల్లలను మేకల వెంట పంపడం అలవాటు. ఇక్కడ మాత్రం బడి ముందు, మేకలు తర్వాత.

చదువు గురించి ఒక సంగతి. మసాయి మారా ప్రాంతంలో ఊళ్ళు చూడటానికి దొరలు వచ్చినప్పుడు, కట్టిన డబ్బులో ఎక్కువ భాగం వాళ్ళను తెచ్చిన డ్రైవర్లే ఉంచేసుకునేవాళ్ళు. ఈ సంగతి పత్రికల్లో వచ్చింది. వచ్చినవాళ్ళు ఎంత కట్టారో ఊరివాళ్ళకు తెలిసేది కాదు. భాష రాదు, అంకెలు రావు. డ్రైవరు ఎంత చేతిలో పెడితే అంత. ఆడి పాడింది ఒకరు, తిన్నది ఇంకొకరు. పొదుపు పుస్తకంలో ఎంత రాశారో చూడకుండా వేలిముద్ర వేసిన రోజులు మన ఊళ్ళలో ఎంతమందికి గుర్తులేవు? మకాం ఎవరిదో వాళ్ళే అతిథి చేతి నుంచి డబ్బు తీసుకుని, లెక్కపెట్టుకుని, రాసుకుంటే ఆ డ్రైవరు మధ్యలో దూరలేడు. ఉమోజా ఆడవాళ్ళు మకాం తమ చేతిలో ఉంచుకోవడంలో ఈ తెలివి ఉంది.

అయితే అంతా బాగుందని కాదు. పరాయివాళ్ళు రోజూ వచ్చి ఇంట్లో తొంగి చూస్తారు. వాళ్ళకోసం పాడాలి, నవ్వాలి. మనసు బాగాలేని రోజు కూడా నవ్వాలి. కొందరు అడక్కుండా ఫొటోలు తీస్తారు. అతిథుల మీదే బతుకు ఆధారపడితే ఇంకో భయం కూడా ఉంది. 2020లో కరోనా వచ్చింది. విమానాలు ఆగాయి. గుడారాల జాగా ఖాళీ. దండలు కొనేవాళ్ళు లేరు. ఆ వెనకే కరువు. పూసలు కడుపు నింపవు కదా.

మన కథలో పిల్లల దగ్గరికి వద్దాం. వాళ్ళు ఇంగ్లండు నుంచి వచ్చారని అనుకున్నాం. ఊరి కథ వింటారు. ఆ సైనికులు తమ దేశం వాళ్ళేనని తెలుస్తుంది. ఒక అమ్మాయి కళ్ళు కిందికి దించుకుంటుంది. ఒక అబ్బాయి చేతిలో కెమెరా మూసేస్తాడు. ఏమనాలో తెలియదు. వాళ్ళు పుట్టకముందు జరిగిన సంగతి. పూసలు గుచ్చుతున్న పెద్దావిడ తల ఎత్తదు. చేతులు ఆడుతూనే ఉంటాయి. ఎర్రపూసలు ఐదు, తెల్లపూస ఒకటి, మళ్ళీ ఎర్రవి ఐదు. కాసేపటికి ఆవిడే ఆ అమ్మాయి చేయి పట్టుకుని, మణికట్టు కొలత చూసి, ఒక గాజు తొడుగుతుంది. ధర చెబుతుంది. ఊరికే ఇవ్వదు. అమ్మాయి డబ్బు ఇస్తుంది. ఆవిడ లెక్కపెట్టుకుంటుంది.

ఆ సాయంత్రం పొయ్యి దగ్గర పిల్లలు ముందు రోజంత అల్లరి చేయరు. మరుగుదొడ్డి దూరమని ఎవరూ సణగరు.

మూడో రోజు పొద్దున్నే గుడారాలు విప్పుతారు. మేకులు పీకి గుంటలు పూడుస్తారు. పొయ్యి మీద మట్టి పోస్తారు. చెత్త సంచిలో కట్టుకుని బస్సులో వేసుకుంటారు. మిగిలిన పిండి, పప్పు ఊళ్ళో ఇస్తారు. అద్దె డబ్బు టీచరు లెక్కపెట్టి ఇస్తే, ఊరివాళ్ళు మళ్ళీ లెక్కపెట్టి చూసుకుంటారు. పది వంతుల్లో ఒక వంతు విడిగా పెడతారు.

"అసాంతే" అంటారు పిల్లలు. అంటే కృతజ్ఞతలు. బస్సు కదులుతుంది. దుమ్ము లేస్తుంది. దుమ్ము సద్దుమణిగాక ఆడవాళ్ళు దండల మీద పడిన మట్టి దులిపి, మళ్ళీ వరసగా తగిలిస్తారు. బడి వైపు నుంచి పిల్లలు పాఠం వల్లించడం వినిపిస్తుంటుంది. ఇద్దరు ఆడవాళ్ళు డబ్బాలు తీసుకుని ఏటికి బయలుదేరతారు.